మూసి ఏడ్చాను

జూన్ 9

పంతులమ్మకి,

అక్క రాసేది. చెవులు తప్ప మిగతా ఒళ్ళంతా బాగానే ఉంది. ఫోన్ చేయకు. నువ్వు అరుస్తావు, నేను ఆఁ ఆఁ అంటాను, చివరికి పక్కగది ఆయా ఫోన్ లాక్కుని నీతో కబుర్లు చెప్పుకుంటుంది. ఇన్నేళ్ళు ఈ ఆసుపత్రి లాండ్రీలో ఉతికే యంత్రాల పక్కన నిలబడ్డాక చెవుల్లో ఆ హోరు తప్ప ఇంకేం మిగులుతుంది? అందుకే రాసి ఏడుస్తున్నాను.

ఇక్కడొక రోత పని జరిగింది. మా లాండ్రీ నీకు తెలియదు. ఒక్కసారి వచ్చావు గానీ గుమ్మంలోనే ముక్కు మూసుకుని వెనక్కి తిరిగావు. లోపల ఒక గోడ ఉంటుంది. గోడకి ఇటు మురికి, అటు శుభ్రం. మురికి వైపు నాది. వార్డుల నుంచి సంచులు వస్తాయి. నెత్తురు, చీము, వాంతి, దుప్పట్లో చుట్టుకుపోయిన సూదులు, ఒకసారైతే ఎవరిదో పళ్ళ సెట్టు, నవ్వుతూ. అవన్నీ ఏరి గుడ్డల్ని యంత్రంలో వేస్తాం. యంత్రానికి రెండు మూతులు. ఇటు మురికివి వేస్తే అటు ఉతికినవి తీస్తారు. మనుషులు అటూ ఇటూ దాటడానికి గోడలో ఒక్కటే తలుపు. మధ్య తలుపు అంటాం. డ్యూటీ అయ్యాక దాన్ని మూసి తాళం వేయడం నా పని.

పోయిన వారం పసిపిల్లల వార్డులో నర్సు అలమర తీస్తే ఉతికిన దుప్పట్ల మధ్య మా మురికి సంచి కూర్చుని ఉందట. విప్పి కెవ్వుమందట. పసివాళ్ళకి ఏమీ కాలేదు, అదే పదివేలు. అయినా ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని లేచిపోయాను.

మధ్య తలుపు తెరిచి ఉండబట్టే మురికి బండి అటు వెళ్ళిందనీ, తెరిచి వదిలింది నేనేననీ అంటున్నారు. ఆ రోజు జోరువాన. ఎవరో పెద్దవాళ్ళు ఆసుపత్రి చూడ్డానికి వస్తున్నారని పొద్దుటి నుంచీ అందరూ చీపుళ్ళు పట్టుకుని పరుగులు. ఆ హడావిడిలో నేను మర్చిపోయానట. నేను! ఇప్పుడు విచారణ. కొత్తగా వచ్చిన పెద్ద డాక్టరమ్మకి మన భాష రాదు. నేను చెప్పేది ఇంగ్లీషులోకి మార్చడానికి ఆఫీసులో ఉండే దగ్గు గుమాస్తాని పెట్టారు. మాటకి ముందొకసారి దగ్గుతాడు, వెనక ఒకసారి దగ్గుతాడు, మధ్యలో మిగిలింది ఇంగ్లీషు.

నేను మూశాను. అదే చెబుతాను. ఉద్యోగం పోతే ఈ గదీ పోతుంది, గది ఆసుపత్రిదే కదా.

నీ అక్క

(కాగితానికి బ్లీచింగ్ వాసన అంటి ఉంటుంది. ముక్కు మూసుకుని చదువుకో.)


జూన్ 14

అక్కకి,

ముందు నీ భాష సంగతి. రాసి ఏడవడం ఏమిటి? రాస్తున్నాను అంటే సరిపోదా? అమ్మా ఇంతే. తిని చావండి, చదివి ఏడవండి, పడుకుని తగలడండి. మన ఇంట్లో ఏ పనీ ఉత్తినే జరిగిన పాపాన పోలేదు, వెనకాల ఒక చావో ఏడుపో తోకలా ఉండాల్సిందే. ఆ మాటలంటే నాకు చిన్నప్పటి నుంచీ అసహ్యం. ఆ అసహ్యంతోనే ఇంగ్లీషులోకి పారిపోయాను. అక్కడ ఎవరూ ఎవర్నీ తిని చావమనరు.

పారిపోయి సుఖపడ్డానా అంటే అదీ లేదు. మా కోచింగ్ సెంటర్ ఇప్పటికీ ఆ టైర్ల కొట్టు మీదే. కిటికీ తెరిస్తే కాలిన రబ్బరు కంపు, మూస్తే పిల్లల చెమట కంపు. ఈ వారం హెల్పింగ్ వెర్బులు చెబుతున్నాను. అసలు పనిని చెప్పే క్రియ ఒకటి ఉంటుంది. దానికి ముందు నిలబడి, ఆ పని ఎప్పుడు జరిగిందో, జరగాలో, జరగవచ్చో, జరగగలదో చెప్పే చిల్లర క్రియలు కొన్ని ఉంటాయి. అందరూ కలిస్తే ఒక క్రియాబంధం. ఇంతే విషయం. ఇది చెప్పడానికి నా గొంతు పోయింది. ఒకడు లేచి ఛాతీ విరుచుకుని 'ఐ యామ్ కెన్ డూ' అన్నాడు. 'నువ్వు చేయలేవు, కూర్చో' అన్నాను. 'థాంక్యూ మేడమ్' అని కూర్చున్నాడు. వీళ్ళు రేపు ఉద్యోగాలకి వెళతారు, ఎక్కడో ఒకచోట కాగితాలు రాస్తారు. తలుచుకుంటే భయం కాదు, వికారం పుడుతుంది.

నీ విచారణ గురించి కంగారుపడకు. పొట్టిగా చెప్పు, మర్యాదగా చెప్పు. అడిగినదానికే జవాబు చెప్పు. మూసి ఉంటే మూశానను, అంతే.

నీ చెల్లెలు


జూన్ 21

పంతులమ్మకి,

మూసి ఉంటే ఏమిటే? మూశాను.

నువ్వు చెప్పినట్టే పొట్టిగా చెప్పాను, మర్యాదగా అండీ కూడా పెట్టాను. తలుపు మూశారా అని గుమాస్తా అడిగాడు, మూసిన సంగతి ఒక్క ముక్కలో తేల్చేశాను. అతను దగ్గి ఇంగ్లీషులో చెప్పాడు. డాక్టరమ్మ కళ్ళజోడు తీసి నావైపు జాలిగా చూసింది. మళ్ళీ ఏదో అడిగింది. గుమాస్తా ఏడుపు అనో ఏడ్చారు అనో అన్నట్టు వినపడింది. పసిపిల్లలు ఏడ్చిన సంగతేమో అనుకున్నాను. 'ఆ సంచులు చూస్తే ఎవరికైనా ఏడుపొస్తుందండీ' అన్నాను. అందరూ తలలూపారు. ఒకామె లేచి నాకు గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఎందుకిచ్చిందో నాకు తెలియదు. దాహం లేకపోయినా తాగాను.

తర్వాత ఒక కాగితం చేతిలో పెట్టారు. ఇంగ్లీషు. చివరి విచారణ జూలైలోనట, అప్పటిదాకా డ్యూటీకి రావద్దన్నారు. కాగితాన్ని చూసి అక్షరాలు బొమ్మలు గీసినట్టు గీసి ఇందులో పెట్టాను. ఏముందో చదివి చెప్పు. ఆయా కూతుర్ని అడగవచ్చు గానీ, ఆయాకి తెలిస్తే ఆసుపత్రి మైకులో చెప్పినట్టే.

నా పని ఎవరో కొత్తవాడికి ఇచ్చారు. సూదులు ఏరకుండా సంచులు అలాగే యంత్రంలో గుమ్మరిస్తున్నాడట. నేను గదిలో కూర్చుని గోడలు చూస్తున్నాను. ఒంటికి ఎప్పుడూ ఉండే కంపు పోయింది, అదొక్కటే లాభం. అది కూడా బాగోలేదు.

అక్క


జూన్ 26

అక్కకి,

నీ కాగితం చదివాను. గీసిన అక్షరాలు చక్కగా ఉన్నాయి. విషయమే బాగాలేదు.

నువ్వు తలుపు మూసి, ఆ తర్వాత ఏడ్చానని చెప్పావట. ఎందుకు ఏడ్చావని అడిగితే మురికి సంచులు చూసి ఏడుపొచ్చిందన్నావట. దాన్నిబట్టి నీ మనసు చాలాకాలంగా స్థిమితంగా లేదనీ, ఆ స్థితిలో తలుపు మూశాననుకుని మూయకుండా వెళ్ళి ఉండవచ్చనీ వాళ్ళు ఒక అభిప్రాయానికి వచ్చారు. తలుపు గురించి ఒక పొడుగాటి వాక్యం కూడా ఉంది, దాని సంగతి తర్వాత.

అక్కా, నీకు అంత కష్టంగా ఉంటే నాకెందుకు రాయలేదు? రోజూ ఆ నెత్తురూ చీమూ మధ్య నిలబడటం ఎవరికైనా కష్టమే. ఏడవడం తప్పేమీ కాదు. నీ వయసులో ఇలాంటివి సహజమని ఒక పత్రికలో చదివాను. అవసరమైతే నువ్వు మా ఇంటికి రావచ్చు. ముందుగది ఖాళీగానే ఉంది, కొన్నాళ్ళు ఉండవచ్చు. నీ మరిదిని అడిగాను, అభ్యంతరం లేదన్నాడు.

ఆరోగ్యం జాగ్రత్త.

నీ చెల్లెలు


జూలై 2

పంతులమ్మగారికి,

రావచ్చా? మా ఆసుపత్రి గోడమీద బోర్డు ఉంది, సందర్శకులు సాయంత్రం లోపలికి రావచ్చు అని. ఆ బోర్డు నువ్వే రాశావా? ఉండవచ్చట! పైగా ముందుగదిలోనట! నీ మొగుడికి అభ్యంతరం లేదట! మహా ప్రసాదం. అతని పెళ్ళి దుప్పట్లు ఉతికింది నేను. ఆ రోజు ఎవరి అభ్యంతరమూ ఎవరూ అడగలేదు.

నేనెప్పుడు ఏడ్చానే? నాన్న పోయిన రోజు నువ్వు మూలన కూర్చుని వెక్కుతుంటే, వచ్చినవాళ్ళకి పక్కలు వేసిందెవరు? మర్నాడు అవన్నీ నానబెట్టిందెవరు? నాకు ఏడవడానికి తీరిక ఎప్పుడు దొరికింది? వాళ్ళెవరో నన్ను కొత్తగా చూసినవాళ్ళు, వాళ్ళు అనుకున్నారంటే అనుకున్నారు. నాతో ఒక కంచంలో తిన్నదానివి, నువ్వెలా నమ్మావు? ఇంగ్లీషులో రాసి ఉంది కాబట్టి నమ్మావు. అదే ముక్క నేను తెలుగులో చెప్పి ఉంటే, వేషాలు వేయకు అనేదానివి.

నేను ఆ గదిలో చెప్పిందల్లా ఒక్కటే మాట. 'తలుపు మూసి ఏడ్చానండీ' అన్నాను. అంతే. దానికింత రాద్ధాంతమా?

నీ ముందుగది నువ్వే ఊడ్చుకో.

అక్క


జూలై 6

అక్కా!

అన్నావా? ఆ మాటే అన్నావా? మూసి ఏడ్చాను అని?

నీ ఉత్తరం నీ మరిదికి చదివి వినిపిస్తే మర్యాదకి మొహం గంభీరంగా పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళాడు. అక్కడ గిన్నెలు కిందపడేలా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. అమ్మ ఒళ్ళో పెరిగి, నీకు ఈ ఏడుపుల గురించే సుద్దులు చెప్పి, తీరా ఆ మాట ఇంగ్లీషు చొక్కా వేసుకుని ఎదురుగా వస్తే గుర్తుపట్టలేదు. ఛీ అనిపించింది, నా మీద నాకే.

కోపం పక్కన పెట్టి జాగ్రత్తగా చదువు. నీ ఏడుపు ఏడుపు కాదు. అదొక హెల్పింగ్ వెర్బు. ఇంగ్లీషులో సాయం చేసే క్రియ ముందు నిలబడుతుంది, తెలుగులో వెనక నిలబడుతుంది. మూసి పెట్టాను, మూసేశాను, మూసి పారేశాను, మూసి చచ్చాను, మూసి ఏడ్చాను. అన్నిట్లోనూ తలుపు మూసే ఉంది. మూసేటప్పుడు మన మొహం ఎలా ఉందో చెప్పడానికి మాత్రమే ఆ వెనక మాట. ఆ దగ్గుల మనిషి దాన్ని అసలు క్రియ అనుకుని విడిగా ఒక ఏడుపు రాశాడు. నీకు నీళ్ళ గ్లాసు ఇచ్చింది అందుకే.

ఇప్పుడు వాళ్ళకి ఇది అర్థమయ్యేలా చెప్పాలి. ఇంగ్లీషులో రోతకి హెల్పింగ్ వెర్బు లేదు. మొత్తం వెతికాను. కెన్, మే, మస్ట్, షుడ్, అందరూ ఇస్త్రీ బట్టలు వేసుకుని వరసగా నిలబడ్డారు, ఒక్కడికీ ముక్కు చిట్లించడం రాదు. నీకు పనికొచ్చేది ఒక్క డిడ్. 'ఐ క్లోజ్డ్ ద డోర్' అంటే తలుపు మూశాను. 'ఐ డిడ్ క్లోజ్ ద డోర్' అంటే, మూశానయ్యా బాబూ, మూశానంటే వినరేం, అని. గుమాస్తాని నమ్ముకోకు. ఈ ఒక్క ముక్కా నువ్వే చెప్పు. డిడ్ మీద గట్టిగా నొక్కు. గతం అంతా డిడ్ మోస్తుంది కాబట్టి క్లోజ్ చివర డి అక్కర్లేదు.

ఇక ఆ పొడుగాటి వాక్యం. తలుపు 'వుడ్ అపియర్ టు హావ్ బీన్ లెఫ్ట్ ఓపెన్' అని రాశారు. తెరిచి వదిలేయబడి ఉండినట్లుగా కనిపించును, అని. నాకు చదువుతుంటేనే డోకు వచ్చింది. వదలడం అనే ఒక్క పని, దాన్ని మోయడానికి ఇంతమంది. ఇంతమంది ఉన్నారు గానీ, వదిలిన మనిషి మాత్రం అందులో లేడు. తప్పు చేసినవాడు దాక్కోవడానికి ఇంతకంటే మంచి మరుగుదొడ్డి ఏ భాషలోనూ కట్టలేదు. నువ్వు ఆ వాక్యం మీద వేలు పెట్టి 'బై హూమ్?' అని అడుగు. ఎవరిచేత? అని. అడిగి ఊరుకో.

విచారణకి నేనే వచ్చి ఉండేదాన్ని, కానీ ఇక్కడ పరీక్షలు. రావచ్చు అన్నది మర్యాదకి అన్నాను, తప్పు పట్టడానికి నీకు ఏదో ఒకటి కావాలి.

చెల్లెలు


జూలై 11

పంతులమ్మకి,

మర్యాద బయటివాళ్ళకి. 'వచ్చి ఉండేదాన్ని' అని రాశావు చూడు, అందులో కూడా తోకే ఉంది. రానిదానికి అంత పొడుగెందుకు? రాలేదు అంటే సరిపోదా? నా ఏడుపులు నీకు అసహ్యం గానీ, నీ ఉండేదాన్లు మాత్రం శుభ్రమా?

సరే, పాఠం వల్లిస్తున్నాను. పొద్దున మొహం కడుక్కుంటూ, సాయంత్రం మెట్లమీద కూర్చుని, ఐ డిడ్, ఐ డిడ్ అనుకుంటున్నాను. నా చెవులకి వినపడాలి కాబట్టి గట్టిగా అంటున్నాను. ఆయా పరిగెత్తుకుని వచ్చి 'డెడ్డా? ఎవరమ్మా పోయింది?' అని అడిగింది. నువ్వు ఎంత దూరం పారిపోయినా మన ఇంటి చావు నీ ఇంగ్లీషులోకి కూడా వచ్చేసిందే.

ఒక్కటి మాత్రం నాకు నచ్చలేదు. క్లోజ్ చివర డి ఎందుకు వద్దు? డిడ్ మోస్తుంది కాబట్టి చాలంటావు. నేను ఆ తలుపుకి గడియ పెట్టి, మీద తాళం కూడా వేస్తాను. గడియ ఉంది కదా అని తాళం మానేస్తానా? డి పెట్టకుండా అంటే తలుపు ఓరగా వదిలినట్టు ఉంటోంది. నాకు ఐ డిడ్ క్లోజ్డ్ అంటేనే మూసినట్టు ఉంది.

కొత్తవాడి చేతికి సూది గుచ్చుకుందట. వాడి మీద జాలి పడాలా, ఆ సంచి అలా అప్పగించినవాళ్ళ మొహాన ఉమ్మాలా తెలియడం లేదు.

అక్క


జూలై 15

అక్కా,

వద్దు! డి తీసేయ్. నీకు దణ్ణం పెడతాను. డిడ్ వచ్చాక క్లోజ్డ్ అంటే చిన్నపిల్లల తప్పు. నీ నిజం అంతా ఒకవైపు, ఆ డి ఒకవైపు. వాళ్ళు ముందు డి చూస్తారు. నవ్వుతారు. నాకు తెలుసు వాళ్ళెలా నవ్వుతారో, ఎందుకంటే నేనూ అలాగే నవ్వుతాను.

గడియ ఒక్కటే పెట్టు. ఈ ఒక్కసారికి నా మాట విను.

చెల్లెలు


జూలై 22

పంతులమ్మకి,

నీ డి ఉత్తరం విచారణ అయిపోయాక అందింది. కాబట్టి తాళం కూడా వేసే చెప్పాను.

అదే గది, అదే బల్ల, అదే నీళ్ళ గ్లాసు. ఈసారి ఆయాని పక్కన కూర్చోనిచ్చారు, నా చెవిలో అరవడానికి. గుమాస్తా దగ్గి మొదలుపెట్టబోయాడు. నేను లేచి నిలబడి 'ఐ డిడ్ క్లోజ్డ్' అన్నాను. ఎంత గట్టిగా అన్నానో నాకు తెలియదు, కిటికీ పక్క ఉన్నాయన ఉలిక్కిపడ్డాడు. ఎవరూ నవ్వలేదు. డాక్టరమ్మ పెన్ను కింద పెట్టి నావైపు తిరిగి కూర్చుంది. గుమాస్తా ఏడుపు గురించి మళ్ళీ ఎత్తితే ఆయా లేచి అతన్ని వాయించేసింది. 'ఆవిడ ఏడవడం ఏంటయ్యా, మేం తిని ఏడుస్తాం, వచ్చి ఏడుస్తాం, అన్నీ అలాగే చేస్తాం, మీ ఇంట్లో అనరా?' అంది. 'అంటారు' అన్నాడు పాపం. అని, దాన్ని డాక్టరమ్మకి ఇంగ్లీషులో చెప్పడానికి నానా తంటాలు పడ్డాడు. ఆవిడకి ఎంత అర్థమైందో గానీ, నీళ్ళ గ్లాసు మాత్రం పక్కకి జరిపింది.

అప్పుడు కాగితంలో ఆ పొడుగు వాక్యం మీద వేలు పెట్టి 'బై హూ?' అన్నాను. చివరి మ్ నోట్లోనే ఉండిపోయింది.  గుమాస్తా దగ్గు ఆగింది.

శుభ్రం వైపు ఇస్త్రీ ఆవిడ సాక్ష్యానికి గుమ్మంలో నిలబడి ఉంది. 'ఎవరేంటి? గొడుగులవాళ్ళని వెంటబెట్టుకుని ఈ సారే కదా వచ్చింది' అంది, భవనాలు చూసే అధికారిని చూపించి. సంగతేమిటంటే, ఆ రోజు నేను తాళం వేసి వెళ్ళాక పెద్దవాళ్ళు వచ్చారు. బయట వాన, చుట్టూ తిరిగి వెళితే బురద, ఈయన కాళ్ళకి కొత్త బూట్లు. తన దగ్గరున్న తాళంచెవితో మధ్య తలుపు తీసి, అందర్నీ మురికి వైపు నుంచి శుభ్రం వైపుకి దాటించాడు. మూయడానికి వెనక్కి రాలేదు. బళ్ళు తోసే మనిషి తలుపు తెరిచి ఉండటం చూసి, అడ్డంగా ఉన్న మురికి బండిని కూడా మిగతా బళ్ళతో కలిపి వార్డులకి తోసేశాడు. మరి మొదటే ఎందుకు చెప్పలేదమ్మా అని అడిగితే, ఇస్త్రీ ఆవిడ 'తలుపు తెరిచి ఉందా అని అడిగారు, ఉందన్నాను. ఎవరు తెరిచారని ఎవరూ అడగలేదు' అంది. బూట్లాయన తన బూట్లే చూసుకుంటూ కూర్చున్నాడు. మంచి బూట్లే.

నిన్న కాగితం వచ్చింది. ఆయా కూతురు చదివింది. తలుపు సందర్శకుల కోసం తెరవబడిందట. మూయబడి ఉండాల్సిందట. చూశావా, మళ్ళీ మనిషి లేడు. నలుగురి ఎదుట దొరికినవాడిని కూడా కాగితంలోకి వచ్చేసరికి మాయం చేశారు. నా గురించి అట్టడుగున ఒక్క ముక్క, 'షి మే రిజ్యూమ్ డ్యూటీ' అని. మే అంటే ఏమిటని అడిగాను. చేరవచ్చు అని చెప్పింది.

చేరవచ్చట! నీ రావచ్చుకి అన్నయ్య. పసిపిల్లల పక్కలో నెత్తుటి గుడ్డలు పెట్టినదాన్నని ఊరంతా అనుకున్నాక, నాకు మతి చలించిందని ఇంగ్లీషులో రాసుకున్నాక, ఇప్పుడు చేరవచ్చు! క్షమించండి అనడానికి ఆ భాషలో హెల్పింగ్ వెర్బు లేదా పంతులమ్మా? ఉంటే ఎవరూ ఎందుకు వాడలేదు?

పొద్దున వెళ్ళాను. సంచులు కప్పుదాకా పేరుకుని, అడుగున ఉన్నవి పురుగు పట్టాయి. మధ్య తలుపుకి కొత్త బోర్డు, ఈ తలుపు మూయబడి ఉంచబడవలెను అని. దాని కిందే నిలబడి చేతులకి తొడుగులు వేసుకున్నాను. గది నిలబడింది, ఉద్యోగం నిలబడింది. చేరి ఏడ్చాను.

అక్క


జూలై 27

అక్కా,

నీ ఉత్తరం బ్యాగులో పెట్టుకుని క్లాసుకి వెళ్ళాను. 'ఐ డిడ్ క్లోజ్డ్' అని బోర్డు మీద రాశాను, దిద్దుదామనే. డస్టర్ చేతిలో పట్టుకుని నిలబడిపోయాను. 'అది కరెక్టా మేడమ్?' అని పిల్లలు అడిగారు. 'తప్పు. కానీ తలుపు మాత్రం మూసే ఉంది' అన్నాను. వాళ్ళు రాసుకున్నారు. వీళ్ళు ఏది చెప్పినా రాసుకుంటారు. బోర్డు తుడవకుండానే వచ్చేశాను.

క్షమించండి సంగతి అడిగావు. దానికి ఆ భాషలో మాటలు బోలెడు ఉన్నాయి. వాడాలంటే ముందు వాక్యంలో ఒక మనిషి ఉండాలి. వాళ్ళు మనిషిని ఎప్పుడో బయటికి పంపేశారు. ఆ రోత నీ యంత్రంలో వేసి ఉడకబెట్టినా పోదు.

ఇక మన సంగతి. నేను రాసిన రావచ్చులోంచి ఆ చచ్చు వచ్చు తీసేశాను. దాని చోట ఏం పెట్టాలా అని ఆలోచించాను. రా అంటే నువ్వు రావు. దయచేసి రా అంటే అసలే రావు. నాకు తెలిసిన ఇంగ్లీషులో నీకు సరిపోయే మాట లేదు. అమ్మ నోట్లో ఉండేది ఒకటి ఉంది, నేను పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి కూడా అనలేదు. ఇప్పుడు రాస్తుంటే చేతికి ఇబ్బందిగానే ఉంది.

సెలవు పెట్టి, వచ్చి ఏడు.

చెల్లి


ఆగస్టు 1

చెల్లీ,

సెలవు దొరికింది. శనివారం బస్సుకి వస్తున్నాను. ముందుగదిలో పడుకోను. నీ పక్కనే పడుకుంటాను, నీ మొగుడినే ముందుగదిలోకి తోలేయ్. అభ్యంతరం ఉంటే ఉండనీ.

మొదటిసారిలా ఒంట్లో బాగుందని మొదలుపెట్టలేదు చూశావా? ఉద్యోగం మిగిలింది, తప్పు నాది కాదని అందరికీ తెలిసింది, తలుపుకి రెండు తాళాలు కూడా వేస్తున్నాను. అయినా పసిపిల్లల వార్డు ముందు నుంచి నడవలేకపోతున్నాను. చుట్టూ తిరిగి, ఆ బురదలోంచే వెళుతున్నాను. నిన్న ఒక బాలింత వరండాలో ఎదురైంది. నన్ను గుర్తుపట్టి బిడ్డని అటుపక్క భుజం మీదకి మార్చుకుంది. ఆమెకి ఏ కాగితం చూపించను? చేతులు కడుక్కుంటున్నాను, మళ్ళీ కడుక్కుంటున్నాను. ఈ మాట ఆయాకి కూడా చెప్పలేదు.

వచ్చి ఏడుస్తాను. ఈ ఒక్కసారికి ఆ ఏడుపుని గుమాస్తా రాసినట్టే విడిగా రాసుకో.

అక్క